ఖత్మీ నుంచి చాకోపై దాకా

మా ఇళ్లలో కొత్త మిఠాయి ప్యాకెట్ ఏది వచ్చినా, విప్పకముందే ఎవరో ఒకరు వెనక్కి తిప్పి చూస్తారు. చాకోపై విషయంలో ఈ తహకీఖాత్ మరీ ఎక్కువ. రెండు మెత్తటి బిస్కెట్లు, పైన చాక్లెట్ పూత. అంతవరకు ఫికర్ లేదు. మధ్యలో సాగే ఆ తెల్లటి మార్ష్‌మాలో దగ్గరే సవాల్. అది దేంతో చేశారు?

మార్ష్‌మాలో అసలు ఒక మొక్క పేరు. తడి నేలల్లో పెరిగే ఆ మొక్కను యునానీ హకీములు ఖత్మీ అంటారు. మాకు దగ్గు వస్తే నానీ కాచే జోషాందాలో ఉన్నాబ్, సపిస్తాన్‌తో పాటు తుఖ్మె ఖత్మీ కూడా పడేది. గొంతుకు హాయినిచ్చేది దాని జిగురే. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ మిఠాయివాళ్లు ఆ వేరు జిగురును గుడ్డు తెల్లసొన, చక్కెరతో కలిపి నురగ వచ్చేలా గిలక్కొట్టి మిఠాయి చేశారు. తర్వాత పని తేలికవుతుందని జిగురు బదులు జెలటిన్ వేశారు. మొక్క పోయింది, పేరు మిగిలింది.

జెలటిన్‌ను జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. చాలా దేశాల్లో పంది నుంచి తీసిందే మామూలు. పశువుదైనా జబీహా అవునో కాదో తెలియదు. రూపం పూర్తిగా మారిపోయింది కాబట్టి ఇస్తిహాలా కింద జాయిజ్ అనే ఉలమా ఉన్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మా అమ్మీ లాంటివాళ్లు మాత్రం షక్ ఉంటే పక్కన పెట్టేస్తారు.

ఇక బిస్కెట్ కిస్సా. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, చట్టనూగా ఊళ్లో ఒక బేకరీ 1917లో మూన్‌పై చేసింది. ఎంత పెద్దది కావాలని అడిగితే ఒక బొగ్గుగని కార్మికుడు చేతులతో చంద్రుణ్ని చుట్టి చూపించాడని ఆ బేకరీవాళ్లు చెప్పుకుంటారు. 1974లో దక్షిణ కొరియాలో ఓరియన్ కంపెనీ ఇలాంటిదే చాకోపై పేరుతో తెచ్చింది. 1979లో లోటే కంపెనీ కూడా మొదలుపెట్టింది. ఓరియన్ పెట్టె మీద 'జోంగ్' అనే మాట ఉంటుంది. కలిసి బతికేకొద్దీ మనుషుల మధ్య పెరిగే ఆప్యాయత అని దానికి మానే. మన ఉన్స్ అన్నమాట.

ఉత్తర కొరియాలోని కేసాంగ్‌లో దక్షిణ కొరియావాళ్ల ఫ్యాక్టరీలు ఉండేవి. అక్కడి కార్మికులకు చిరుతిండిగా చాకోపైలు ఇచ్చేవారు. చాలామంది తినకుండా దాచి ఇంటికి తీసుకెళ్లేవారట, బజారులో అమ్మేవారట. అది చదివినప్పుడు, దావత్‌లో తన వాటా మిఠాయిని దుపట్టా కొంగున కట్టి మా కోసం తెచ్చే ఖాలా గుర్తొచ్చింది.

2004లో లోటే చెన్నైలోని ప్యారీస్ మిఠాయి కంపెనీని కొని మన దేశానికి వచ్చింది. ఇక్కడ శాకాహారులు ఎక్కువని జంతువుల జెలటిన్ తీసేసి, సముద్రపు నాచు నుంచి వచ్చే పదార్థం వాడింది. పెట్టె మీద పచ్చచుక్క పడింది. ఆ చుక్క మన కోసం పెట్టింది కాదు. అయినా దాని ఫాయిదా మన పిల్లలకూ అందింది. ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముందని తగాదాలు పడుతున్న ఈ రోజుల్లో, నా బేటీ తన సాల్‌గిరా నాడు క్లాసంతటికీ చాకోపైలు పంచింది. గుడ్డు కూడా ముట్టని ఆమె దోస్త్, మా పిల్ల పక్కపక్కనే కూర్చుని తిన్నారు. ఇద్దరి వజహ్‌లు వేరు, పరహేజ్ ఒకటే.

అలాగని పచ్చచుక్క హలాల్ సర్టిఫికెట్ కాదు. "సారా కూడా వెజ్జే కదా బేటా" అంటుంది మా అమ్మీ. పైగా అదే పేరుతో అమెరికా నుంచో కొరియా నుంచో చుట్టాలు తెచ్చే ప్యాకెట్‌లో సరుకు వేరుగా ఉండొచ్చు. పచ్చచుక్క మన దేశపు గుర్తు, పరాయి దేశపు ప్యాకెట్ మీద ఉండదు. ఈద్‌కు వచ్చే సూట్‌కేసుల్లోవి ఒక్కసారి చదివి పిల్లల చేతికివ్వండి. చదవడం పిల్లలకే నేర్పితే ఇంకా బెహతర్.