చెస్ పుస్తకం కొనే ముందు ఒక మాట



ఆదివారమైతే పాయా లేబర్‌లో సిటీ ప్లాజా దగ్గర మన గుంపులో ఎవరి ఫోన్ చూసినా చెస్సే. అందరం అడిగేది ఒకటే: ఆట బాగుపడాలంటే ఏ పుస్తకం కొనాలి? మంచి పుస్తకం అంటే మనకి ఓటీ డబ్బులు. అవి ఇంటికి పంపితే అక్కడ ఏదో ఒక పని జరుగుతుంది. కాబట్టి చూసి కొనాలి.

లావుపాటి ఓపెనింగ్ పుస్తకాల జోలికి పోకండి. పదిహేను ఎత్తులు బట్టీ పట్టినా ఎదుటివాడు మూడో ఎత్తుకే దారి మార్చేస్తాడు. మన ఆటలు పోయేది గుర్రాన్నో ఏనుగునో ఊరికే ఇచ్చేయడం వల్ల.

మొదటి పుస్తకం 'బాబీ ఫిషర్ టీచెస్ చెస్', 1966లో వచ్చింది. బొమ్మ, ప్రశ్న, పేజీ తిప్పితే జవాబు. ఇంగ్లిష్ తక్కువే. బోర్డు అక్కర్లేదు, సైట్‌కి పోయే లారీలో కూడా చదవొచ్చు.

రెండోది ఇర్వింగ్ చెర్నెవ్ రాసిన 'లాజికల్ చెస్'. 33 ఆటలు, ప్రతి ఎత్తూ ఎందుకు వేశారో చెప్తాడు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే లోపల చూసుకోండి. 'పి-కె4' అని ఉంటే పాత పద్ధతి, తికమక పడతాం. 'ఈ4' అని ఉన్నదే తీసుకోండి.

మూడోది సిల్మన్ ఎండ్‌గేమ్ పుస్తకం. రేటింగ్ ప్రకారం భాగాలు చేశాడు. మన రేటింగ్ వరకు చదివి మూసేయొచ్చు.

ఎండ్‌గేమ్ ఎందుకంటారా? 2024 డిసెంబర్ 12న ఇక్కడే, సెంటోసాలో, 14వ ఆట డ్రా అయ్యేలాగే ఉంది. డింగ్ లిరెన్ ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు. గుకేశ్ ఏనుగులు మార్చేశాడు, బిషప్‌లూ మార్చేశాడు. మిగిలినవి రాజులు, బంట్లు. ఆ లెక్క తెలుసు కాబట్టే 18 ఏళ్లకి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతనికి సాయం చేసిన టీంలో మన గుంటూరు హరికృష్ణ ఉన్నాడు.

కొనే ముందు పబ్లిక్ లైబ్రరీకి పోండి. కూర్చుని చదవడానికి డబ్బులు అక్కర్లేదు. ఒక పది లెక్కలు చేసి చూడండి. ఆరేడు వస్తే అది మీ పుస్తకం. పదీ వస్తే తేలిక, రెండే వస్తే ఇంకా టైముంది.

డ్యూటీ దిగాక అలసటగా ఉంటుంది, తెలుసు. రోజుకి ఐదు లెక్కలు చాలు. జవాబు కాగితం మీద రాశాకే పేజీ తిప్పండి. వారమంతా ఎవరో చెప్పింది చేసేవాళ్లం, ఆ పది నిమిషాలు మన బుర్రకి మనమే మేస్త్రీలం.

ఇంకో మాట. ఐదుగురం కలిసి ఒకటి కొందాం. పర్మిట్ అయిపోయి ఊరికి పోయేవాళ్లు పుస్తకాన్ని పక్క మంచం తమ్ముడికి ఇచ్చి పోండి.