ఒకే పుట్టలో రెండు జాతులు

చీమలు కందిరీగల సంతతివని మేము చెప్పిన మా యింటి పిల్లలు నవ్వుదురు. శాస్త్రజ్ఞుల మాట మాత్రమదియే. 1966లో అమెరికాలోని న్యూజెర్సీలో, గట్టిపడిన ప్రాచీన వృక్షపు బంకలో చిక్కియున్న రెండు చీమలు దొరకినవి. మరుసటి యేట విల్సన్ పండితుడును ఆయన సహచరులును వాటిని వర్ణించిరి. దవడలు కందిరీగవలె పొట్టివి, నడుము చీమది. వాటి వయస్సు సుమారు 9 కోట్ల సంవత్సరములు.

ఒక జాతి రెండగుట యెట్లు? ఎర్నెస్ట్ మాయర్ 1942లో వెలువరించిన గ్రంథమున ముఖ్యముగా చెప్పిన కారణము ఎడబాటు. కొండయో సముద్రమో అడ్డుపడగా, రెండు గుంపులు కలియనేరక, అనేక తరములకు వేఱు జాతులగును. నాయకరాజుల నాడు మధుర చేరిన మావంటి కుటుంబములవారికి ఈ మాట గుండెలో గ్రుచ్చుకొనును. మా తెలుగు విని గుంటూరు చుట్టములు తెల్లబోవుదురు గదా! జీవులకును జనులకును ‘జాతి’ యను నొక్కమాటనే వాడుటవలన వచ్చిన చిక్కిది. మనుష్యులందఱు నొక్కటే జాతి. భాష బిడ్డకు రక్తముతో రాదు, చెవితో వచ్చును. కావున చీమలను జూచి మనము బెంగపడనక్కఱలేదు. ఇంట మాటాడకుండుటకు చీమలను సాకుగా చూపనుంగూడదు.

ఇక ఎడబాటే లేనిచోట జరిగిన చీలిక మఱింత వింత. బ్రెజిలు దేశమున రియో క్లారో పట్టణపు విశ్వవిద్యాలయపు ఆవరణలో మైకోసెపురస్ గోల్డై యను చీమలు నేలలో గదులు త్రవ్వి, బూజును సేద్యము చేసి తినును. ఆ యింటనే మైకోసెపురస్ కాస్ట్రేటర్ అను చిన్న చీమ కాపురముండును. దానికి పనిచీమలు లేవు. దాని బిడ్డలను సాకుట గోల్డై పనిచీమల వంతు. అది చేరిన పుట్టలో గోల్డై రాణి పనిచీమలనే కనును. రెక్కల రాణులను, మగచీమలను కనదు. చీమల పుట్టలో పాము చేరుట విన్నాము గాని, చీమయే చేరుట మేము వినియుండలేదు!

2014లో రాబెలింగ్ ప్రభృతులు జన్యుపరీక్షలు జరిపి, ఈ యతిథి ఆ యింటి వంశమునుండియే సుమారు 37,000 సంవత్సరముల క్రిందట చీలినదని ప్రకటించిరి. నడుమ కొండ లేదు, ఏఱు లేదు. గోల్డై రెక్కల చీమలు వెలుపలికెగిరి జతకట్టును. అతిథులు పుట్టలోనే జతకట్టును. జతకట్టు చోటు వేఱగుటతో సంతతియు వేఱయ్యెనని వారి భావము.

అతిథి మాత్రము గృహిణియగు రాణిని చంపదు. ఆమె పోయిన పనిచీమలు పుట్టవు. పనిచీమలు లేనినాడు బూజుతోటయు నుండదు.