చక్కెర లెక్కకు అందని దిగులు

భోజనమంటే సూరత్‌లోనే, మరణమంటే కాశీలోనే అంటారు గుజరాతీలు. శరత్ పూర్ణిమ మర్నాడు, చాందీ పడవో పండగకి, ఈ నగరం ఒళ్లు మరిచి ఘారీలు తింటుంది. కోవా, నెయ్యి, చక్కెర దట్టించిన ఆ మిఠాయి పెట్టెలు ఇరుగుపొరుగు ఇళ్లకు చేరతాయి. లింబాయత్‌లోని ఓ తెలుగు ఇంట్లో మాత్రం పెట్టె బీరువా మీదకెక్కుతుంది. 14 ఏళ్ల కూతురి కంట పడకూడదని తల్లి తాపత్రయం. అదెక్కడుందో కూతురికి తెలుసు. తెలియనట్టే ఉంటుంది.

ఆమెకు టైప్ 1 మధుమేహం. తొమ్మిదో ఏట బయటపడింది. తండ్రి సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలి. 12 గంటల షిఫ్టు. ఫ్రిజ్ లేని రోజుల్లో ఇన్సులిన్ సీసా తడి ఇసుక మధ్య పెట్టిన మట్టి కుండలో ఉండేది. ఇప్పుడు ఫ్రిజ్ వచ్చింది. రోజుకు నాలుగు సూదులు మాత్రం తప్పలేదు.

మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష. ఎనిమిది దాటితే ఇంట్లో చివాట్లు. గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంతుందో ఆ అంకె చెబుతుంది. అన్నాళ్లూ పిల్ల ఎలా ఉందో చెప్పదు.

అదీ కొలవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. కట్టుదిట్టంగా ఇన్సులిన్ ఇస్తే కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం తగ్గుతుందని అమెరికాలో డీసీసీటీ అధ్యయనం 1993లో తేల్చింది. మరి అంత కట్టుదిట్టంలో మనిషి బతుకేం కావాలి? ఆ అధ్యయనం కోసమే ఓ ప్రశ్నావళి తయారైంది. 1991లో ఇంగర్సోల్, మరెరో దాన్ని కౌమారంలో ఉన్నవారికి తగ్గట్టు మార్చారు. ఎంత తృప్తి, రోగం ప్రభావమెంత, ఏమేం దిగుళ్లు - ఇవీ అందులోని భాగాలు. జేమ్స్ వార్నీ బృందం 2003లో తెచ్చిన మరో ప్రశ్నావళిలో పిల్లలకో కాగితం, తల్లిదండ్రులకో కాగితం. జవాబులను నూటికి ఇన్నని మార్కులుగా మారుస్తారు. మార్కుల్లేనిదే మన పిల్లలకు దిగులు పడే యోగమూ లేదు కాబోలు! భారతీయ రోగుల కోసం 2010లో వచ్చిన క్వాలిడ్ ప్రశ్నావళి డబ్బు దిగులునూ, తిండి విషయంలో తృప్తినీ విడిగా అడిగింది. కాకపోతే అది పెద్దవాళ్లకు.

లింబాయత్ అమ్మాయికి ఓ క్లినిక్‌లో ఇచ్చిన కాగితం గుజరాతీలో ఉంది. కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బడిలో మొదలుపెట్టి తర్వాత గుజరాతీలోకి మారిన పిల్ల కాబట్టి ఇబ్బంది లేకుండా చదివింది. తల్లికి ఆ లిపి రాదు. పక్కనే కూర్చుని ప్రతి ప్రశ్నకూ అర్థం అడుగుతోంది. పెళ్లవుతుందో లేదోనన్న బెంగ ఎంత తరచుగా కలుగుతుంది అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.

"గండ్ల ఏమున్నది బిడ్డా?"

"బడి గురించి అడిగిండ్రమ్మా."

సిరిసిల్లలో చుట్టాలెవరికీ ఈ జబ్బు సంగతి తెలియదు. పెళ్లిళ్లకు వెళ్తే బాత్రూమ్‌లో తలుపేసుకుని సూది వేసుకోవాలి. ఎందుకో ఆ పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. తల్లి చూస్తుండగా 'ఎప్పుడూ లేదు' దగ్గర టిక్కు పెట్టింది. ఆ మేరకు ఆమె జీవన నాణ్యతకు మార్కులు పెరిగాయి.

పరీక్ష హాల్లోకి గ్లూకోజ్ బిళ్లలు, పండ్లు తీసుకెళ్లేందుకు మధుమేహం ఉన్న విద్యార్థులను సీబీఎస్‌ఈ 2017లో అనుమతించింది. అది కాగితం మీద తేలిగ్గా తీరే కష్టం. పెళ్లి సంగతి అలాంటిది కాదు.

తర్వాతిసారి క్లినిక్‌లో నర్సు తల్లిని మందుల కౌంటర్‌కు పంపి, అదే కాగితం మళ్లీ చేతికిచ్చింది. అమ్మాయి చాలాసేపు తీసుకుంది. డాక్టర్ దాన్ని చూసి, చక్కెర అంకె జోలికి పోకుండా, తల్లిని లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఇన్సులిన్ మోతాదు లెక్క చూసుకుని పండగ నాడు ఘారీ ముక్క తినొచ్చన్న మాటతో మొదలుపెట్టాడు. తల్లి నమ్మలేదు. ఎంత ముక్క అని మూడుసార్లు అడిగింది.