మారా నది ఒడ్డున అబ్బా

2023 ఆగస్టులో కెన్యా వెళ్ళొచ్చాం కదా, జంతువులు నది దాటే వీడియో పెట్టమని చాలామంది అడిగారు. వీడియో లేదు. ఎందుకు లేదో రాస్తాను.

మా చిన్నప్పుడు కంచరపాలెంలో ఈద్ మరుసటి రోజంటే జూకి వెళ్ళడమే. అబ్బా డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టర్. అమ్మీ క్యారియర్‌లో పలావ్, ఖీమా సర్దేది. ఎండాడ జూలో నీటిగుర్రం నోరు తెరిచేదాకా భాయిజాన్ అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. "దీని అసలు ఇల్లు ఆఫ్రికాలో ఉంది బేటా" అనేవారు అబ్బా. ఆ మాట విన్న పిల్లాడే పెద్దయ్యాక నైరోబీలో అకౌంటెంట్ అయ్యాడు. ఖిస్మత్!

2020 ఏప్రిల్‌లో అమ్మీ ఇంతిఖాల్ అయింది. లాక్‌డౌన్. విమానాల్లేవు. జనాజాకి ఇరవై మందికే ఇజాజత్, ఆ ఇరవైలో పెద్దకొడుకు లేడు. తప్పు ఎవరిదీ కాదని అబ్బాకీ తెలుసు. అయినా ఆ తర్వాత మూడేళ్ళు ఫోన్లో "ఖైరియత్?", "అల్‌హమ్దులిల్లా" తప్ప ఇద్దరి మధ్యా మరో మాట లేదు. టికెట్లు భాయిజానే పంపాడు. అబ్బాని ఒప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నైరోబీ నుంచి మసాయి మారాకి రోడ్డు మీద ఐదారు గంటలు. మర్నాడు ఫజర్ చదివి, శాలువాలు కప్పుకుని, పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్ ఎక్కాం. డ్రైవర్ మొంబాసా ముసల్మాన్. ఆయన సలాం చెప్పగానే అబ్బా మొహం విప్పారింది. ఆయనకి ఉర్దూ రాదు, అబ్బాకి స్వాహిలీ రాదు. అరబ్బీ ఇద్దరికీ మధ్య కూర్చుంది. మన ఖబర్ వాళ్ళకి "హబారి", రఫీఖ్ "రఫికి", వఖ్త్ "వకాతి". సఫారీ అంటే మన సఫరే! చారల గుర్రాన్ని వాళ్ళు "పుండా మిలియా", అంటే చారల గాడిద అంటారని తెలిసి నా కొడుకు ఒకటే నవ్వు.

ఏనుగులు చూశాం, జిరాఫీలు చూశాం. ఒక మగసింహం పొద నీడలో నిద్రపోతోంది. వేట ఎక్కువగా ఆడసింహాలదేనని డ్రైవర్ చెబితే, "ఇక్కడ కూడానా!" అంది భాభీ.

పది గంటలకి నది ఒడ్డుకి చేరాం. టాంజానియాలోని సెరెంగెటీ నుంచి లక్షలాది వైల్డ్ బీస్ట్‌లు ఏటా ఇటు వస్తాయి. వాన వెంట పచ్చిక, పచ్చిక వెంట అవి. నీళ్ళలో మొసళ్ళు. మంద ఒడ్డు దాకా వస్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ వస్తుంది. గంటన్నర ఇదే. పిల్లలు విసిగిపోయారు. "సుబిరా" అన్నాడు డ్రైవర్. "సబర్" అని పిల్లలకి తర్జుమా చేశారు అబ్బా.

తర్వాత నది వైపే చూస్తూ, మెల్లగా, "ఆ రోజు నువ్వేం చేశావు?" అన్నారు.

ఏ రోజని ఎవరూ అడగలేదు. వీడియో కోసం ఎత్తి పట్టుకున్న ఫోన్ భాయిజాన్ కిందికి దించాడు.

"కాల్‌లోనే ఉన్నా అబ్బా. అమ్మీ మొహం చూపించేటప్పుడు నెట్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి మీరు మట్టి వేస్తున్నారు. మీ చేతులే కనిపించాయి."

సరిగ్గా అప్పుడే మొదటిది దూకింది. దాని వెనక వందలు, వేలు. దుమ్ము, అరుపులు. మేమంతా సీట్ల మీద నిలబడి చూశాం. అబ్బా లేవలేదు. భాయిజాన్ కూడా లేవలేదు. అంత దూరం వెళ్ళీ ఆ తండ్రీకొడుకులిద్దరూ ఆ దృశ్యం చూడలేదు.

మధ్యాహ్నం డ్రైవర్ దిగొచ్చన్న చోట చెట్టు కింద దస్తర్‌ఖాన్ పరిచాం. ముందు జుహర్. ముసాఫిర్లం కాబట్టి ఖసర్, రెండే రకాతులు. మా ఇంట్లో అబ్బా ఉండగా ఇమామత్ మరొకరు చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు అబ్బా డ్రైవర్ పక్కన సఫ్‌లో నిలబడి, భాయిజాన్‌తో "నువ్వు ముందుకెళ్ళు" అన్నారు. భాయిజాన్ తక్బీర్ చెప్పే గొంతు వణికింది. వెనక నిలబడ్డ నాకు అబ్బా వీపు ఒక్కటే కనిపించింది.

సలాం తిప్పాక చాలాసేపు దువా చేశారు. తర్వాత పలావ్ వడ్డించుకుంటూ అడిగారు:

"ఇంతకీ నీ నీటిగుర్రం ఇల్లెక్కడ బేటా?"