టాప్ లైట్‌లో భువనగిరి

సినిమాల్లో పనిచేసేవాళ్ళకు ఎండ సంగతి బాగా తెలుసు. ఔట్‌డోర్ ఉందంటే హైదరాబాద్ కృష్ణానగర్ నుంచి యూనిట్ బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకే కదులుతుంది. లొకేషన్‌కు చేరగానే, టిఫిన్లు రాకముందే ట్రాక్ పరిచి, సూర్యుడు గుట్ట మీదికి రాగానే ఫస్ట్ షాట్ కొట్టాలి. తొమ్మిదిన్నర దాటితే నీడలు పొట్టివవుతాయి. అక్కణ్ణుంచి మూడింటి దాకా ఉండే నడినెత్తి ఎండను మేం టాప్ లైట్ అంటాం. ఆ వెలుగులో మనిషి కళ్ళు గుంటల్లోకి పోతాయి. రాతి రంగు తేలిపోతుంది. లోయ ఎంత లోతైనా చదునుగా కనబడుతుంది. తప్పనిసరైతే పైన స్కిమ్మర్ గుడ్డ కట్టి క్లోజప్పులు లాగిస్తాం, వైడ్ షాట్లు మాత్రం సాయంత్రానికి దాచుకుంటాం.

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఫిలింనగర్‌లో ఇన్నేళ్ళుగా దాని మీదే అన్నం తింటున్నాను. కానీ సెలవు దొరికి ఇంట్లోవాళ్ళతో ఎక్కడికైనా బయల్దేరితే ఆ పాఠం నాకు ఒక్కసారీ గుర్తుకు రాలేదు. దానికి మూల్యం చెల్లించింది నేను కాదు, మా అమ్మాయి. అందుకే ఇది రాస్తున్నాను.

2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. గురుకుల పాఠశాలల్లో చదువుకున్న ఆ పిల్లలు కొండలెక్కడం మొదట నేర్చుకున్నది భువనగిరి బండ మీద. ఆ కథ విన్నప్పటి నుంచి మా అమ్మాయి భువనగిరి వెళ్దామని అడుగుతూనే ఉంది. ఓ ఏప్రిల్ ఆదివారం, తాపీగా లేచి, ఇడ్లీలు తిని, తొమ్మిది దాటాక కారు తీశాను. యాభై కిలోమీటర్లే కదా అనుకున్నాను. బండ కిందికి చేరేసరికి పదకొండవుతోంది.

భువనగిరి కోటను చూసినవాళ్ళకు తెలుసు, అది కొండ కాదు, ఒకే ఒక్క రాయి. గుడ్డులా నున్నగా, అయిదు వందల అడుగులు లేచిన బండ. పశ్చిమ చాళుక్యుల కాలంలో త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాని మీద కోట కట్టించాడు. చెట్టు నీడ అన్నది కిందే ఆగిపోతుంది. మెట్ల దగ్గర కూర్చున్న ఓ పెద్దాయన మమ్మల్ని చూసి, "ఎండల బండెక్కుతరా బిడ్డా? పొద్దుగాల రావాలె, లేకుంటే పొద్దుగూకే ముంగట రావాలె" అన్నాడు. మా కెమెరామన్ అన్నా ఇదే మాట అనేవాడు. ఆయన చెప్తే చేతులు కట్టుకుని వినేవాణ్ణి. ఈ పెద్దాయనకు మాత్రం తల ఊపి ముందుకు నడిచాను.

సగం దూరం ఎక్కాక, మెట్లు వదిలి ఏటవాలు బండ మీద కూర్చోమని అమ్మాయికి చెప్పాను. రెండు అరచేతులూ వెనక్కి ఆనించి, తల ఎత్తి ఆకాశంలోకి చూడాలి. అది నా మనసులో ఎప్పటి నుంచో ఉన్న ఫ్రేమ్. పిల్ల కాలుతోందంది. ఒక్క నిమిషమమ్మా అన్నాను. రాయి ఉదయం నుంచి ఎండను పీల్చుకుని ఉంటుంది, గాలి కన్నా ఎంతో వేడిగా ఉంటుందన్న ఇంగితం నాకు రాలేదు. తను చేతులు తీసేసరికి అరచేతుల కింది భాగంలో చర్మం ఎర్రగా కమిలి, సాయంత్రానికి బొబ్బలెక్కింది. దిగేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయంది, రెండు వాంతులయ్యాయి. ఎత్తుకుని దించాను. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతుంటే నా భార్య నన్నేమీ అనలేదు. అనాల్సినవన్నీ నాకు నేనే అనుకున్నాను.

ఆలోచిస్తే, నేను చేసిన ప్రయాణాలన్నీ అలాంటివే. ఎక్కడికి వెళ్ళినా, ఏదో సినిమాలో చూసిన బొమ్మ అక్కడ దొరుకుతుందా అని వెతకడమే. మల్లెల తీర్థానికి మార్చిలో తీసుకెళ్ళాను. నల్లమలలో, శ్రీశైలం దారిలో వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగి, అడవిలోకి పోయి, చాలా మెట్లు దిగాలి. దిగాం. బండ మీద సన్నటి తడి తప్ప ఏమీ లేదు. పైన ఉసిరికాయలమ్మే ఆమె, "వానలు పడ్డంక రా సారూ, గిప్పుడేముంటది" అంది. దానికి ముందు రాత్రి మన్ననూరు గేటు దగ్గరే కార్లో పడుకున్నాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్ళే ఆ రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారని నాకు తెలీదు. తెలుసుకోలేదు, అదీ అసలు మాట.

అన్నిటికన్నా బాధించేది గోదావరి ప్రయాణం. తెలుగు సినిమా గోదావరికి చాలా రుణపడి ఉంది. ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు' 1964లో వచ్చింది. అప్పటికి పరిశ్రమ చాలావరకు మద్రాసులోనే ఉంది, అయినా ఏరు చూపించాలంటే యూనిట్ ఏటి దగ్గరికే రావాల్సి వచ్చింది. బాపు 'అందాల రాముడు' 1973లో, శేఖర్ కమ్ముల 'గోదావరి' 2006లో. రెండూ రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ మీద సాగే కథలే. నాకు ఆ సినిమాలంటే ప్రాణం. నది చూడాలన్న కోరిక నాలో పుట్టించింది అవే, ఆ మాట ఎప్పుడూ కాదనను. పాపికొండలకు నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయనది గోదావరి గట్టు ఊరు. లాంచీ కదిలిన దగ్గర్నుంచి ఒడ్డున కనబడే ఊళ్ళ పేర్లు చెప్తూనే ఉన్నారు: ఏ రేవులో దిగి ఎవరింటికి నడిచి వెళ్ళేవారో, ఏ ఊళ్ళో వెదురు దొరికేదో. నేనేమో సరంగు పక్కన నిలబడి, ఆ సినిమాల్లో సీన్లు ఎక్కడ తీశారో అక్కడ ఒక్క నిమిషం నిదానించమని బతిమాలుతున్నాను. కొండలు రెండు పక్కల నుంచీ దగ్గరికొచ్చి నది సన్నబడే చోటు దాటిపోయిందని కూడా నేను గమనించలేదు. "చూశావురా?" అని నాన్న అడిగారు. చూశానన్నాను.

నాన్న ఇప్పుడు లేరు. ఆయన చెప్పిన ఊళ్ళలో కొన్నింటిని పోలవరం ముంపు కింద ఖాళీ చేయించారు. ఆ పేర్లలో రెండు మూడు తప్ప నాకు గుర్తులేవు. అడుగుదామంటే మనిషి లేడు, వెళ్దామంటే ఊరు లేదు.

తప్పు సినిమాది కాదు. రెండున్నర గంటల సినిమాలో మనం చూసే నది, నెలల తరబడి కాచుకుని ఏరుకున్న నిమిషాల నది. ఆ కాచుకోవడం తెర మీద కనబడదు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'లో అక్కా తమ్ముడూ రెల్లు పూల మధ్య పరుగెత్తి రైలును చూసే ఘట్టం ఉంది. సగం తీసి, మిగతా సగం కోసం వారం తర్వాత వెళ్తే, పూలన్నిటినీ పశువులు మేసేశాయి. మళ్ళీ రెల్లు పూసేది మరుసటేడే. ఆయన ఆగాడు. ఇది మా అసిస్టెంట్లకు నేను పదేపదే చెప్పే కథ. చెప్పిన నేనే మార్చిలో జలపాతానికి వెళ్ళాను.

'పథేర్ పాంచాలి' నవల రాసిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయే 'ఆరణ్యక్' కూడా రాశాడు. సూరంపూడి సీతారాం దాన్ని 'వనవాసి'గా తెలుగు చేశారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ పుస్తకం చదివాను, అంటే పేజీలు తిప్పాను. వర్ణన వస్తే దాటేసి, కథ ఎక్కడుంది, ఇంటర్వెల్ ఎక్కడ పడుతుంది అని చూశాను. సినిమాకు పనికిరాదని తేల్చి పక్కన పడేశాను. అమ్మాయి చేతులకు కట్లు కట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో తనకు చదివి వినిపించడానికి మళ్ళీ తీశాను. పైకి చదివేటప్పుడు పేరాలు దాటేయడానికి వీల్లేదు. అప్పుడు తెలిసింది అందులో ఏముందో. కలకత్తా నుంచి ఎస్టేటు మేనేజరుగా అడవికి వచ్చిన సత్యచరణ్‌కు మొదట్లో అక్కడ ఊపిరాడదు, ఎప్పుడు పారిపోదామా అనుకుంటాడు. ఏళ్ళు గడిచేకొద్దీ అడవి అతణ్ణి పట్టుకుంటుంది. కానీ అతని ఉద్యోగమేమిటి? ఆ అడవిని నరికించి, రైతులకు పంచడం. ప్రేమించినదాన్ని తన చేత్తోనే తీసేస్తాడు. అందులో జుగల్ ప్రసాద్ అని ఒకడున్నాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలూ తీగలూ తెచ్చి అడవిలో నాటుతుంటాడు. అడవి అతనిది కాదు, దానివల్ల అతనికి పైసా రాదు. మా అమ్మాయి "ఎందుకు నాన్నా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

చేతులు మానేదాకా ఎండలోకి పంపొద్దని డాక్టరు చెప్పడంతో, తెల్లవారగానే కేబీఆర్ పార్కుకు వెళ్ళడం మొదలుపెట్టాం. నాకది కొత్త చోటు కాదు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఆ మూడొందల తొంభై ఎకరాల చుట్టూ సినిమావాళ్ళు ఎన్ని కథలు చెప్పుకుంటూ నడిచారో లెక్కలేదు. నేనూ ఓ నిర్మాత పక్కన సెకండాఫ్ చెప్తూ తల ఎత్తకుండా నడిచినవాణ్ణే. నెమలి కూతంటే నాకు సింక్ సౌండ్ పాడుచేసే చప్పుడు. పిల్లతో వెళ్తే ఆగాల్సి వచ్చింది. సీతాఫలం పొదలో జెముడుకాకి గొంతు లోతుగా మోగుతుంటే అది కనబడేదాకా తను ఆగేది. ఓ బండ మీద తొండ. అంతకుముందు రాతి రంగులోనే ఉన్న మరో తొండను చూసి ఉండటంతో, ఇది వేరే జాతి అనుకున్నాం. ఈ మగదానికి వీపంతా కుంకుమ పూసినట్టు ఎరుపు, పక్కలు నలుపు. జతకట్టే కాలంలో మగ తొండ ఇలా రంగు మారుతుందని తర్వాత పుస్తకంలో చూసి తెలుసుకుంది మా అమ్మాయే. ముందు రెండు కాళ్ళ మీద లేచి, తలను పైకీ కిందికీ ఆడిస్తూ, మేం కదిలేదాకా అది కదల్లేదు.

ఆ రాళ్ళ గురించీ అప్పుడే చదివాను. మన జూబ్లీహిల్స్ రాయి వయసు దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళు. నేల లోపల చల్లారి గడ్డకట్టిన రాయి, పైన మట్టి కొట్టుకుపోగా బయటపడింది. పగుళ్ళ వెంట నీరు దిగి, అంచులు అరిగి గుండ్రాళ్ళయ్యాయి. ఒక రాయి మీద ఇంకో రాయి పడిపోతుందేమో అన్నట్టు నిలబడి ఉంటే ఎవరో పేర్చారనుకుంటాం. పేర్చిందేమీ లేదు, మధ్యలోది అరిగిపోయింది. వాటిని కాపాడటానికి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. నగరంలో వారసత్వ సంపద జాబితాకెక్కిన తొమ్మిది శిలల్లో 'మాన్‌స్టర్ రాక్' ఫిలింనగర్ దగ్గరిదే. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, జూబ్లీహిల్స్‌లో బ్లూక్రాస్ పక్కనున్న 'టోడ్‌స్టూల్' కూడా అందులో ఉన్నాయి. లొకేషన్ల కోసం అరకు నుంచి ఆల్ప్స్ దాకా ఫొటోలు తిరగేసిన నాకు, ఆఫీసు దగ్గరి రాయికి ఒక పేరుందని తెలీదు.

ఇక చెప్పాల్సింది ఒకటి మిగిలింది. అసోసియేట్‌గా ఉన్న రోజుల్లో, ఓ పాట కోసం నగర శివారు గుట్ట మీది పెద్ద బండకు నీలం రంగు వేయించాం. నీళ్ళ రంగు వెలిసిపోతుందని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళంటే, ఎనామిల్ వేసేయమని ఓకే చెప్పింది నేనే. పాటలో అది తెర మీద ఉన్నది కొన్ని క్షణాలు. కేబీఆర్ అలవాటయ్యాక అమ్మాయి కొత్త గుట్టలు చూద్దామంటే అక్కడికే తీసుకెళ్ళాను. రంగు అలాగే ఉంది. చుట్టూ ఉన్న రాళ్ళ మీద బూడిద, పసుపు, నారింజ రంగుల్లో రాతిపూత (లైకెన్) చక్రాలు చక్రాలుగా పరుచుకుని ఉంది. ఏడాదికి పిసరంత పెరిగే ప్రాణం అది. నీలం పడ్డ మేర ఒక్క మచ్చ లేదు. వైర్ బ్రష్ తెచ్చి రుద్దాను. రంగుతో పాటు రాయి పైపొర లేచి తెల్లటి గీతలు పడ్డాయి. "ఆపేయండి నాన్నా, ఇంకా పాడవుతోంది" అంది. ఎవరు వేశారని అడిగితే చెప్పాను. సత్యచరణ్ పేరు తను ఎత్తలేదు, నాకైతే అతనే గుర్తొచ్చాడు.

ఈ మధ్య ఓ రెక్కీలో దర్శకుడు బండ మీద ప్రేమికుల పేర్లు రాయించాలన్నారు. రాయొద్దన్నాను. మేం రంగు వేయించిన ఆ పాత బండ దగ్గరికి ఆయన్నీ ఆర్ట్ డైరెక్టర్నీ తీసుకెళ్ళి, రాతిపూతను దగ్గర్నుంచి చూపించి, నీలం రంగు సంగతి దాచకుండా చెప్పాను. ఫైబర్‌తో రాయి చేయించి పక్కన పెడదామన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ ఖర్చు ఎవరిదన్నాడు, నా పారితోషికంలో కోసుకోమన్నాను. దర్శకుడు దానికి ఒప్పుకోక, ఆ ఖర్చును బడ్జెట్‌లోనే రాయించారు. షూటింగ్ అయ్యాక ఆ ఫైబర్ రాయి మా ఆర్ట్ డైరెక్టర్ గోడౌన్‌కు చేరింది. వేరే యూనిట్ వాళ్ళెవరైనా అడిగితే అద్దె లేకుండా ఇస్తానన్నాడు. నేను కనబడ్డ ప్రతి అసోసియేట్‌కూ ఆ మాట చెప్తున్నాను.