ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

‘సిస్టమ్ ఆన్ కావట్లేదు’ అని ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే ఫ్యాన్ తిరుగుతుంటుంది, లైట్ వెలుగుతుంటుంది, విండోస్ మాత్రం రాదు. అందుకే ఫోన్లోనే అడుగుతాను: ఎక్కడిదాకా వచ్చి ఆగింది? తెర మీద అసలేమీ పడకపోతే విండోస్‌ను అనుమానించను, ముందు ర్యామ్, కేబుల్ చూస్తాను. కంపెనీ బొమ్మ పడి, చుక్కలు తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయిందంటే హార్డ్‌డిస్క్ దొరికింది, విండోస్ మొదలైంది, ఏదో డ్రైవర్ దగ్గరో, ఇంకెక్కడో చిక్కుకుంది. నల్లతెర మీద ‘బూట్ డివైస్ లేదు’ అని వస్తే దారే తప్పింది.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటినుంచి గుంటూరులో మాకు ఈ నల్లతెరలు ఎక్కువయ్యాయి. వాటిలో ఒకటి మిర్చి యార్డు దగ్గరి కమీషన్ కొట్టులో. విండోస్ 11 వేసుకోవాలంటే సెక్యూర్ బూట్ ఉండాలని యజమాని కొడుకు ఏదో వీడియోలో చూశాడు. బయోస్‌లోకి వెళ్లి పాత పద్ధతి బూట్‌ను ఆపేసి, కొత్తది పెట్టాడు. ఇక సిస్టమ్ లేవలేదు. హార్డ్‌డిస్క్ పోయింది, కొత్త ఎస్ఎస్‌డీ వేసి ఫార్మాట్ కొట్టాల్సిందేనని అప్పటికే ఎవరో చెప్పి వెళ్లారు.

కేబుల్ చూద్దామని కేస్ విప్పితే లోపలంతా ఎర్రటి పొడి. నాకూ, గుమాస్తాకూ, ఆ కుర్రాడికీ వరసగా తుమ్ములు. కేబుల్ బాగానే ఉంది. బయోస్‌లో హార్డ్‌డిస్క్ పేరు, సైజు కనిపిస్తున్నాయి. డిస్క్ బతికే ఉంది. పాత పద్ధతి మళ్లీ ఆన్ చేస్తే విండోస్ 10 ఎప్పటిలాగే వచ్చేసింది.

“ఇంతేనా?” అన్నాడు యజమాని.

“ఇది వెనక్కి రావడమే బాబాయ్, ముందుకెళ్లే పని ఇంకా ఉంది” అన్నాను.

ఆ డిస్క్ ఎంబీఆర్ పద్ధతిలో విభజించింది. సెక్యూర్ బూట్ పనిచేసేది యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి బూట్‌లో. అందులో విండోస్ లేవాలంటే డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉండాలి, బూట్ ఫైళ్లకు వేరే చిన్న పార్టిషన్ కావాలి. డేటా పోకుండా దీన్ని మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం విండోస్‌లోనే ఉంది. ముందు టాలీ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాను. కాపీ అయిందని నమ్మి వదిలేయకుండా, దాన్ని నా లాప్‌టాప్‌లో తెరిచి మిర్చి ఖాతాలు వస్తున్నాయో లేదో గుమాస్తా గారిని చూడమన్నాను. తర్వాత ఆ సాధనంతో తనిఖీ చేయిస్తే కుదరదంది. ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, అసెంబుల్ చేసినవాళ్లు నాలుగు పెట్టారు. వాటిలో ఇ డ్రైవ్‌లో ఉన్నవి పాత సినిమాలే.

“అవి పోతాయా?” అని ఆ కుర్రాడి బెంగ. టాలీ గురించి అడగనే లేదు!

సినిమాలనూ కాపీ చేసి ఆ పార్టిషన్ తీసేశాక పని నడిచింది. ప్రాసెసర్ ఎనిమిదో తరం ఇంటెల్ కాబట్టి బయోస్‌లో కొత్త పద్ధతి బూట్, టీపీఎం అనే భద్రతా చిప్ ఆన్ చేస్తే విండోస్ 11 మిగతా షరతులూ తీరాయి.

‘ఫార్మాట్ కొట్టేస్తే పోలా’ అనే మాట మా వాళ్ల నోట తరచుగా వింటాను. కొట్టినవాడికి పని తొందరగా అయిపోతుంది. ప్రింటర్, డిజిటల్ సిగ్నేచర్, టాలీ లైసెన్స్ మళ్లీ కూర్చుకునే తలనొప్పి కస్టమర్‌ది. అప్‌గ్రేడ్ అయ్యాక తేడా వస్తే విండోస్‌లోనే పది రోజుల్లోపు పాతదానికి వెనక్కి వెళ్లే వీలుంది. ఆ గడువు దాటాక మా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఫార్మాట్ తప్ప నిజంగా గతిలేని చోటు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ కీ దొరకనప్పుడే. బయోస్‌లో ఇలాంటి మార్పే చేస్తే లాప్‌టాప్ నీలం తెర చూపి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బూట్ అయ్యే తీరు మారితే టీపీఎం చిప్ తాళంచెవి ఇవ్వదు. ఆ మార్పును వెనక్కి తిప్పినా తెరుచుకోకపోతే, ఆ అంకెలు లేకుండా ఎంతటి మెకానిక్ అయినా డేటా తీయలేడు. ఒక టీచర్‌గారి లాప్‌టాప్ అలాగే వచ్చింది. ఆవిడ మైక్రోసాఫ్ట్ ఖాతాలో కీ లేదు. కొన్నప్పుడు సెటప్ చేసింది ఎవరని అడిగితే, షాపు కుర్రాడు తన మెయిల్‌తోనే చేసిచ్చాడని తేలింది. అతను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాడు, ఫోన్లో దొరికాడు. ఖాతా తెరిస్తే అందులో కీలు బోలెడు, అతను అమ్మిన లాప్‌టాప్‌లవన్నీ. తెర మీది కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు నేను చదువుతుంటే అతను ఒక్కొక్కటే సరిచూస్తూ పోయాడు. చివరికి ఒకటి కలిసింది. లాప్‌టాప్ తెరుచుకోగానే ఆవిడ సొంత ఖాతా పెట్టించి, కీని ప్రింట్ తీసి బిల్లుతో కలిపి పిన్ను కొట్టి ఇచ్చాను.