సగంలో ఆగిన స్వెట్టర్లకు ఓ దారి

పటాన్‌చెరు ఫ్యాక్టరీలకూ ఔటర్ రింగ్ రోడ్డుకూ దగ్గర్లో ఉన్న ఊరు కర్దనూర్. అక్కడ ఓ రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం, వంట పనులు తెమిలాక ఆడవాళ్లు చేరతారు. కొత్తగా అల్లడానికి కాదు, మొదలుపెట్టి వదిలేసినవాటి సంగతి తేల్చడానికి. అది చూడాలనే వెళ్లాను.

నేను వెళ్లేసరికి చాప మీద ఓ ట్రంకు పెట్టె బోర్లించి ఉంది. ఒక చెయ్యి లేని స్వెట్టర్, బార్డర్ దగ్గరే ఆగిన మఫ్లర్, జతలో ఒక్కటే పూర్తయిన పసిపిల్లల సాక్సు, చిక్కుపడ్డ ఊలు ఉండలు. కలరా ఉండల వాసన గదంతా కమ్మింది.

ఇన్ని ఎందుకు ఆగాయని అడిగాను. ‘‘మనకు చలి ఎన్ని దినాలుంటదమ్మా? వీపు, ముందుభాగం అయ్యేసరికి సంక్రాంతి దాటుతది. చేతులు మొదలుపెడితే శివరాత్రి. చలి శివశివా అని పోతది’’ అన్నారు టీచరమ్మ. తెలంగాణలో గట్టి చలికి పేరుపడ్డ కోహీర్ ఈ సంగారెడ్డి జిల్లాలోదే. అయినా ఆ చలి కొద్ది వారాలే. మళ్లీ చలికాలం వచ్చేసరికి పిల్లవాడు ఎదిగిపోతాడు, తీసిన కొలత పనికిరాదు.

వాళ్ల పద్ధతి సూటిగా ఉంది. పెట్టెలోంచి తీసిన ప్రతిదానికీ మూడు ప్రశ్నలు: ఇది ఎవరికోసం? వాళ్లకిప్పుడు సరిపోతుందా? ఊలు సరిపడా ఉందా? జవాబులను బట్టి పూర్తి చేసేవి, విప్పేవి, ఇచ్చేసేవి అని మూడు కుప్పలు పడతాయి.

పూర్తి చేసే కుప్పలోకి వెళ్లినదాన్ని వెంటనే సూదికెక్కించరు. ముందు ఎక్కడ ఆగిందో చదువుతారు. టీచరమ్మ ఓ మెరూన్ స్వెట్టర్‌ను వెలుతురుకు పట్టి, ఉల్టా వరుసలను వేలితో తడుముతూ లెక్కపెట్టారు. దానికి వాడిన సూదులు ఎటో పోయాయి. మన దగ్గర దొరికే సూదుల్లో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అందుకని 9, 10 నెంబర్లతో చెరో చిన్న ముక్క అల్లి, 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు పడ్డాయో పాత అల్లికతో పోల్చారు. 10 నెంబరు కుదిరింది. కొత్త ఊలు కొనాల్సివస్తే పాత లేబుల్ మీది డై లాట్ నెంబరు కూడా చూస్తారు. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే చెయ్యి ఒక ఛాయ, ఒళ్లు ఒక ఛాయ అవుతుంది.

విప్పే కుప్పను చూసి ముందు నాకు మనసు చివుక్కుమంది. దగ్గర కూర్చుని చూశాక ఆ బాధ పోయింది. నేత గుడ్డలో పడుగూ పేకా వేరువేరు. అల్లికలో ఒకటే దారం, ఉచ్చులోంచి ఉచ్చుగా సాగిపోతుంది. కుట్లు మూసిన చోట కొస దొరికితే మొదటి వరుస దాకా జారిపోతుంది. ఒకామె అలా జారుతున్న ఊలును కుర్చీ వీపుకు చుట్టి చిలప చేసింది. నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన వేలాడదీస్తే అసలు ఊలు వంకరలు చాలావరకు పోతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ప్రభుత్వం 1943లో ‘మేక్ డూ అండ్ మెండ్’ అనే చిన్న పుస్తకం వేసి, ఇలా విప్పి మళ్లీ అల్లుకునే పద్ధతిని ఇంటింటికీ చెప్పింది. అక్కరకొచ్చిన పనికి నామోషీ ఎందుకు?

మూడో కుప్ప దగ్గర అందరూ మెల్లగా మాట్లాడారు. ఒక కోడలు, పోయిన అత్తగారు సగం అల్లిన శాలువా తెచ్చింది. ఆమెకు అల్లడం రాదు. ‘‘విప్పనీకి చెయ్యి రావట్లేదక్కా’’ అంది. పక్కనున్నామె దాన్ని తన ఒళ్లోకి తీసుకుంది. ఒకరు ఆపినది మరొకరు అందుకోవడం అంత తేలిక కాదు, చేతి బిగువు మారుతుంది. కొత్త చెయ్యి బిగుతైతే ఒక నెంబరు లావు సూది పడతారు. ఇదే పనికోసం అమెరికాలో 2022లో ‘లూజ్ ఎండ్స్’ అనే సంస్థ పుట్టింది. చనిపోయినవాళ్లు, ఇక చెయ్యలేని స్థితికి వచ్చినవాళ్లు వదిలిన చేతిపనులను స్వచ్ఛందంగా పూర్తిచేసి ఇంటివాళ్లకు అందిస్తుంది.

మిగిలిన చిన్న ఉండలన్నీ క్రోషా చతురస్రాలవుతున్నాయి. వాటిని కలిపితే దుప్పటి. 2016 జనవరి 31న చెన్నైలో ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ బృందం ఇలా ముక్కలు కలిపే 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్ రికార్డు కొట్టింది. ఒక్కొక్కరి వాటా చిన్నదే. కలిపే చేతులుంటే ఏ ముక్కా వృథా కాదు.

అల్లిక ఆగిపోతే ఇళ్లలో వినిపించే మాట ఒకటే, బద్ధకమని. కర్దనూర్‌లో నేను చూసింది వేరు. పెళ్లిళ్లు, పురుళ్లు, షిఫ్టు డ్యూటీలు, వేళకు రాని చలి వాటిని ఆపాయి. పెట్టెలో ఏళ్లపాటు ఉంచింది మాత్రం ఏదీ తేల్చుకోకపోవడమే. విప్పడమూ ఒక నిర్ణయమే, ఇచ్చేయడమూ నిర్ణయమే. అందుకే వాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: కొత్త ఊలు కొనేముందు పాతదాని సంగతి ఒకటి తేలాలి, పని ఆపేటప్పుడు సూది నెంబరు, వరుస లెక్క, ఎవరికోసమో ఒక చీటీ రాసి దానికి కట్టాలి. ఆ చీటీ ఉంటే రేపు ఆ పని ఎవరి చేతికి వెళ్లినా మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.